శుక్రవారం పడిపోయే లైను

ముక్కు చీదితే చీమిడి కూడా పసుపుపచ్చగానే వస్తుంది, ఛీ, ఈ ఊళ్ళో ఒంట్లోంచి వచ్చేదేదీ దాని రంగులో అది రాదు, ఉమ్మి పసుపు, చెవిలో గుబిలి పసుపు, పొద్దున తోమిన పళ్ళ మీద మధ్యాహ్నానికల్లా మళ్ళీ అదే పొర, అనుకుంటూ రాజమల్లు బల్ల కింద పడుకున్నచోటే చేతిరుమాలు మడిచి జేబులో కుక్కుకున్నాడు, కుక్కుకుంటుంటే తల బల్ల చెక్కకు ఠక్కున తగిలింది, పైనుంచి కాశీరాం సేటు గొంతు, ఏమయ్యా రాజమల్లూ, దొరికిందా లేదా, బయట బండ్లన్ని ఆగినయ్, రైతులు లొల్లి చేస్తున్నరు, దొరుకుతది సేటూ, జర ఆగుండ్రి, అన్నాడు గానీ దొరకాల్సిందేమిటో అతనికే తెలియదు, ఈ నల్ల వైరులో ఎక్కడో ఉంది అది, వేలెడు లావు లేని వైరు, సేటు కూర్చునే గద్దె దగ్గరి కంప్యూటర్ నుంచి తూకమేసే కాంటా గదికి, అక్కడి నుంచి గోదాముకు, లెక్కల గదికి, ఆ పైన గడప దాటి వెనకున్న సేటు ఇంట్లోకి, దుమ్ము తగలకుండా ఏసీ పెట్టిన చిన్న గదిలో కూర్చున్న సర్వర్‌కు, అన్నిటినీ ఒకే దారాన గుచ్చిన దండ అది, ఒక్కచోట చెడితే అన్ని కంప్యూటర్లూ ఒక్కసారే చస్తాయి, ఎక్కడ చెడిందో మాత్రం ఒక్కటీ చెప్పదు, నెట్‌వర్క్ ఎర్రర్ అని తెర మీద రెండు ముక్కలు పడేసి ఊరుకుంటుంది, వెతకాల్సింది నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్, అంటే మోకాళ్ళ మీద పాకే రాజమల్లు.

నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్, పేరు కింద ఆ రెండు మాటలు అచ్చేయించి కార్డులు కొట్టించుకున్నాడు, హైదరాబాద్‌లో కోర్సు అయిపోగానే, ఆర్మూర్‌లో బస్సు దిగి ఊరికి పోతుంటే ఆటోవాడు ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పని సారూ గిది, కరెంటు పనా, అన్నాడు, కరెంటు పనే నయం, స్తంభం మీద గాలైనా తగులుతుంది, ఇక్కడ బల్ల కింద గాలి లేదు, గోనెసంచుల పీచూ, ఎలుకల పెంటికలూ, ఎవడో నమిలి ఊసిన కిళ్ళీ, అన్నిటి మీదా మెత్తగా పరుచుకున్న ఆ పసుపు ధూళి, అరచేయి ఆనిస్తే అచ్చు పడుతుంది, కీబోర్డు తిరగేసి తడితే గుప్పెడు రాలుతుంది, ఫ్లాపీలు పెట్టే సందులో దూరి గర్రుమంటుంది, వారానికోసారి దూదితో తుడవాలి, తుడిచిన దూదిని పారేయబోతే లెక్కల గుమాస్తా, పారేస్తవెందుకు సారూ, దాచి పెట్టు, కూరల ఏస్కోవచ్చు, అని నవ్వుతాడు, ఏం మనుషులో ఏం పరిహాసమో, ఇది తప్పించుకుందామనే కదా చదివింది, చిన్నప్పుడు మాక్లూర్ పక్కన ఊళ్ళో ఎండలు ముదిరాయంటే చేను గట్టున కడాయి, కడాయిలో పేడనీళ్ళు, నీళ్ళలో పసుపు కొమ్ములు, మట్టీ పేడా కషాయమూ కలిసి ఉడికే ఆ కంపు అన్నంలోకి వచ్చేది, దుప్పటిలోకి వచ్చేది, లెక్కల పుస్తకంలోకి వచ్చేది, బడిలో పక్కవాడు ముక్కు పట్టుకుని జరిగి కూర్చునేవాడు, కన్నతల్లి చిన్నవ్వ చేతులు ఏ కాలంలోనూ తెల్లబడి ఎరగవు, ఆ చేత్తోనే బువ్వ కలిపి ముద్ద పెట్టబోతే వద్దవ్వా అని మొహం తిప్పుకునేవాడు, ఓరి పిచ్చోడా, బంగారంరా ఇది, అని నవ్వేది, బంగారమట, థూ, ఆ బంగారం లేని చోటు ఒక్కటే చూశాడు అతను, అమీర్‌పేటలో కోర్సు చదివిన మూడో అంతస్తు, అద్దాల గది, చెప్పులు బయట విప్పి పోవాలి, చల్లగా, కొత్త ప్లాస్టిక్ వాసన, ఇక జన్మంతా ఈ వాసనలోనే అనుకున్నాడు, పట్నంలో ఎక్కడా కొలువు దొరకలేదు, దొరికింది ఎక్కడయ్యా అంటే ఇదిగో, ఆర్మూర్‌లో అందరికన్నా ముందు కంప్యూటర్లు పెట్టాడని పేరు తెచ్చుకోవాలనుకున్న పసుపు సేటు దగ్గర, పసుపు బస్తాల నడుమ, పసుపు తూకాలు కంప్యూటర్ల మధ్య అటూ ఇటూ పోకుండా ఆగిపోతే పోనిచ్చే పనికి, పారిపోయినవాణ్ణి పట్టుకొచ్చి మళ్ళీ అదే కడాయిలో వేసినట్టుంది.

సారూ, నేనియ్యాల పొరకే పట్టలే సారూ, అని బయట నుంచి వినిపించింది, పోచవ్వ, చీపురుతో ఊడ్చే మనిషి, కాంటా పక్కన రేకుల నీడలో కూర్చుని ఉంది, కిటికీ ఊచల్లోంచి ఆమె కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, మడమలు పగిలి పగుళ్ళలో కూడా ఆ దరిద్రపు రంగే, సూసినోళ్ళున్నరు, కాంట బుచ్చన్ననడుగుండ్రి, పొద్దుగాల్నుంచి గీన్నే కూసున్న, గా తీగ దిక్కే పోలే, సేటు గద్దె మీంచే అరిచాడు, పోకుంటె లైనెట్ల పడ్డదే, ఇన్ని దినాలు తెలివక తాకిందనుకున్న, ఇయ్యాల కోపానికి గుంజినవా ఏంది, అయ్యో సేటూ, నీ కాళ్ళు మొక్కుత, నాకెందుకు కోపం, రాజమల్లు బల్ల కింద కళ్ళు మూసుకున్నాడు, కళ్ళు మూసుకుంటే పోయిన శుక్రవారం కనబడింది, కొన్నాళ్ళుగా ఇదే తంతు, శుక్రవారం పొద్దున లైను పడిపోవడం, ఇతను కనెక్టర్లు మార్చి, కార్డులు పీకి పెట్టి, తల బద్దలు కొట్టుకుంటుంటే ఎండెక్కేసరికి దానంతటదే బాగుపడి ఏమీ ఎరగనట్టు నడవడం, పోయిన శుక్రవారం మాత్రం నాగపూర్ నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చి పరుపుల మీద కూర్చున్నారు, వాళ్ళ ముందు సేటు అన్నాడు, ఏమయ్యా, పట్నం చదువు చదివొచ్చింది బల్లల కింద పాకెతందుకేనా, నీకంటె మా ఎడ్లబండోడు నయం, బండి ఎందుకాగిందో చెప్తడు, చెప్పు, ఏమైతున్నదో చెప్పు, లేదంటె నాకు రాదని చెప్పు, నాగపూర్ వాళ్ళలో ఒకడు పొట్ట కదిలేలా నవ్వాడు, సరిగ్గా అప్పుడే గోడవార చీపురు చప్పుడు, పోచవ్వ వంగి ఊడ్చుకుంటూ పోతోంది, నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది, ఊడ్చేటప్పుడు పొరక వైరుకు తాకుతున్నది సేటూ, జాయింట్లు లూజయితున్నయ్, ఎంత తేలిగ్గా, ఎంత నున్నగా వచ్చిందో, నవ్వినవాడు నవ్వు ఆపి తలూపాడు, కంప్యూటర్ మనిషి చెప్పిన మాట కదా, అందరూ పోచవ్వను చూశారు, ఒక్క క్షణం ఇతన్ని ఎవరూ చూడలేదు, ఎంత హాయిగా అనిపించింది అప్పుడు, వచ్చే సుక్రారం లైను పడ్డదంటె నువ్వు ఇంటికి పోవుడే పోచవ్వా, అన్నాడు సేటు, ఇంటికి పొమ్మనడమంటే ఏమిటో వాడలో అందరికీ తెలుసు, ఆమె ఇల్లు సేటు పెరట్లోని రేకుల గదే, పని పోతే అదీ పోతుంది, ఆ గదిలో నెలలు నిండిన కోడలు నీలవ్వ పడుకుని ఉంది, కొడుకు దుబాయిలో సిమెంటు మోస్తున్నాడు, ఇవాళ్టి శుక్రవారం లైను పడిపోయింది, గేటు దగ్గర మంగవ్వ అనే ఇంకొకామె సొంత చీపురు చంకలో పెట్టుకుని అప్పుడే వచ్చి నిలబడింది, పిలిపించారు, ఎంత తొందరో.

ఛీ, నాకెందుకు, నేను చూసింది చెప్పాను, చూశావా, చూడకపోతేనేం, తాకే ఉంటుంది, తాకదా చీపురు, గోడవార వైరుకు తాకకుండా ఎలా ఊడుస్తారు, అని తనతో తనే పేచీ పెట్టుకుంటూ బల్ల కింద నుంచి వెనక్కి పాకి లేచాడు, ప్యాంటు మోకాళ్ళ దగ్గర రెండు పచ్చటి వలయాలు, దులిపితే ఇంకా పరుచుకున్నాయి, మీటరు తీసుకుని లెక్కల గదిలోకి నడిచాడు, దండ మధ్యలో విప్పి చూస్తే చెడింది ముందు సగంలోనో వెనక సగంలోనో తేలుతుంది, ఇన్నాళ్ళూ ఆ పని చేయలేదు, ఎందుకంటే లెక్కల గదిలో జాయింటు పాత గోనెల గుట్ట వెనక ఉంది, ఆ గోనెల్లో ఎలుకలు పిల్లలు పెడతాయి, చేయి పెట్టబుద్ధి కాలేదు, ఇవాళ ఆ కాళ్ళు కిటికీలోంచి కనబడుతుంటే పెట్టక తప్పలేదు, గోనెలు లాగాడు, ఏదో మెత్తగా వేళ్ళ మీంచి పరుగెత్తింది, ఛీ అని చేయి ప్యాంటుకు రాసుకుని జాయింటు విప్పి మీటరు పెట్టాడు, ముందు వైపు, గద్దె, కాంటా, గోదాము, చీపురు తిరిగే చోటంతా, వైరు నిక్షేపంగా ఉంది, వెనక వైపు పెట్టాడు, ముల్లు ఒక్కసారిగా అడ్డంగా పడిపోయింది, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది, వెనక వైపు అంటే గడప, గడపకు అటు ఇల్లు, ఇంటి వైపు పోచవ్వ చీపురు పోదు, పోచవ్వే పోదు, ఆ గడప తొక్కనివ్వరు ఆమెను, ఈ మాట రాజమల్లుకు పోయిన శుక్రవారమూ తెలుసు.

గడప దగ్గరికి పోయేసరికి సేటు తల్లి గంగాబాయి నేల మీద కూర్చుని ఉంది, తలంటుకున్న తెల్లటి జుట్టు వీపు మీద ఆరబోసుకుని, ఒళ్ళో ఇత్తడి గిన్నె, గిన్నె నిండా నీళ్ళతో జారుగా కలిపిన పసుపు, పొద్దున పూసింది ఆరిపోయిందేమో రెండో పూత వేస్తోంది, మూడు వేళ్ళతో ముంచి గడప ఈ కొస నుంచి పూసుకుంటూ వచ్చింది, మధ్యలో వైరు అడ్డమొస్తే ఆగలేదు, వైరుకూ పూసింది, అక్కడ వైరు చాలక అతను రెండు ముక్కలు కలిపి పెట్టిన తళతళలాడే జాయింటు ఉంది, దానికి గిన్నెలోంచి చారెడు తీసి మరీ పూసింది, పసుపు నీళ్ళు దాని సందుల్లోకి నెమ్మదిగా దిగిపోతుంటే కుంకుమ అద్దిన ఉంగరం వేలితో దాని నడినెత్తిన బొట్టు పెట్టి కళ్ళకద్దుకుంది, అమ్మా, ఏం చేస్తున్నరు, అన్నాడు, కనవడ్తలేదా బిడ్డా, గడపకు పసుపు పెడుతున్న, సుక్రారం గద, తీగకెందుకమ్మా, పెట్టద్దా మరి, మావోడు అన్నడు గద, అమ్మా, ఇగ మన యాపారమంత గీ తీగలకెళ్ళే నడుస్తదని, లచ్చిమి వచ్చే తొవ్వకు బొట్టు పెట్టకుంటె ఎట్ల, గీ మెరిసేదున్నది సూడు, గిదే అసలుదని నాకెరుకే, దీనికి ఎక్కువ పెడ్త ప్రతి సుక్రారం, నువ్వు సల్లగుండాలె బిడ్డా, మంచిగ పెట్టిచ్చినవ్, అని నవ్వింది, నోట్లో ఒక్క పన్ను లేదు.

నవ్వాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు, నేల మీద చతికిలబడి జాయింటు విప్పాడు, లోపల నుంచి పచ్చటి నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి, అంతే, ఇదీ ఇన్నాళ్ళ రహస్యం, ఎండెక్కి తడి ఆరిపోతే లైను నడుస్తుంది, మళ్ళీ శుక్రవారం మళ్ళీ పూత, అవ్వ కూడా ఇంతే కదా, శుక్రవారం చిన్నవ్వ చేతికి గిన్నె వచ్చిందంటే గడపతో ఆగుతుందా, నాగలికి, రోలుకు, రేడియోకు, బావి మీది మోటరు స్టార్టరుకు కూడా పూసి బొట్టు పెట్టేది, చస్తవే ముండా అని నాయన కేకలేసేవాడు, పుట్టిన దగ్గర్నుంచి చూసినవాడు, పసుపు మడిలో పుట్టి పెరిగినవాడు, శుక్రవారమూ గడపా వైరూ మూడూ కలిపి ఆలోచించడానికి ఇన్నాళ్ళు పట్టిందా, పట్టింది, ఎందుకంటే మొదటి శుక్రవారమే ఈ జాయింటు మీద ఏదో తడిగా, చిక్కగా, పచ్చగా అతని వేలికి అంటుకుంది, ఛీ అని రుమాలుతో నలిపి, మొహం పక్కకు తిప్పుకుని, అదేమిటో చూడకుండా కిటికీలోంచి విసిరేశాడు, ఈ ఊళ్ళో ప్రతిదీ పచ్చగానే ఉంటుంది కదా, చూసేదేముంది అనుకున్నాడు, రుమాలు పారేసి కొత్తది కొనుక్కున్నాడు.

చీపురు కాదు సేటూ, అని గద్దె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు, మొత్తం చెప్పాడు, సేటు మొహంలో మొదట ఆశ్చర్యం, తర్వాత భయం, లేచి భుజం పట్టుకుని లెక్కల గదిలోకి లాక్కుపోయాడు, మెల్లగ మాట్లాడు, అమ్మ చెవుల పడ్డదంటె అంతే, నా చేతి పూజతోని నష్టమైందా అని అన్నం ముట్టది, నాకు ఎరుకే ఆమె సంగతి, వైరు పైకెళ్ళి గుంజు, గోడకు మొలలు కొట్టి, గయిపాయె, ఎవ్వలకు చెప్పకు, మరి పోచవ్వ సేటూ, పోచవ్వకేందయ్యా, ఊడ్చెతందుకు ఆర్మూర్ల దుకాన్లు తక్కువున్నయా, మంగవ్వ వచ్చి నిలవడ్డది, నలుగురి ముందు మాట అన్న, ఇప్పుడు మంగవ్వను వాపస్ పొమ్మంటె నా ఇజ్జత్ ఏం గావాలె, నీది మాత్రం ఏం గావాలె, పొరక అన్నది నువ్వే గద, ఇయ్యాల కాదంటె రేపు కంప్యూటర్ల తూకం చూపిస్తె రైతు నమ్ముతడా, ఫికర్ చెయ్యకు, ఊకో, అని వీపు తట్టాడు, కిళ్ళీ వాసన, అత్తరు వాసన, వాటి కింద పసుపు వాసన, ఒక్కసారిగా గుప్పుమంది, రాజమల్లు తల ఊగింది, ఊపలేదు, అదే ఊగింది, సరే అన్నట్టు, ఎప్పట్నుంచో అలవాటున్నట్టు, తన తల అలా కిందికీ పైకీ పోవడం తనకే తెలుస్తుంటే, జన్మలో దేని మీదా రానంత ఏవగింపు వచ్చింది, ఎలుకల గోనెల మీద కూడా రాలేదు.

జాయింటు ఆరబెట్టి బిగించాడు, గద్దె దగ్గర ప్రింటరు కర్రుమంటూ ఆగిన చీటీలన్నీ కక్కడం మొదలుపెట్టింది, వచ్చింది వచ్చింది అని కాంటా దగ్గర అరుపులు, రైతులు బస్తాల మీంచి లేచారు, పోచవ్వ కూడా లేచింది, కొంగు దులుపుకుని పెరటి వైపు నడుస్తోంది, సామాను సర్దుకోవడానికే అయి ఉంటుంది, నీలవ్వను ఏ చెట్టు కింద కూర్చోబెడుతుందో, మంగవ్వ గేటు దాటి లోపలికొచ్చింది, ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, సాయంత్రం దాకా మూసుకుంటే ఇక ఎప్పటికీ తెరవనక్కర్లేదు, నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోతారు, అనుకుంటూనే రాజమల్లు గద్దె మెట్లు దిగాడు, పోచవ్వా, అన్నాడు, గట్టిగా, కాంటా ఆగేంత గట్టిగా, ఆగు పోచవ్వా, పొరకతోని కాలే, నీ తప్పేం లేదు, గడప మీద జాయింట్ల నీళ్ళు పోయినయ్, గడపకాడికి నువ్వు రానేరావు, నేను తప్పు చెప్పిన, అందరూ అతన్నే చూశారు, ఈసారి ఎవరూ వేరే వైపు చూడలేదు, సేటు మెట్ల మీదికి వచ్చి పళ్ళు నూరుకున్నాడు, ఇంతమంది రైతుల ముందు ఏమనగలడు, నవ్వు తెచ్చుకుని, అగో, గంతేనా, అయితె పో పోచవ్వా, నీ పని నువ్వు సూస్కో, మంగవ్వా నువ్వు మల్ల ఎప్పుడన్న రా, అన్నాడు, రాజమల్లు వైపు మాత్రం నవ్వకుండా చూశాడు, ఆ చూపుకు అర్థం సాయంత్రం తెలుస్తుంది, తెలియనీ.

పోచవ్వ దండం పెడుతుందనుకున్నాడు, సల్లగుండు బిడ్డా అంటుందనుకున్నాడు, ఆ మాట కోసం చెవులు కాచుకుని ఉన్నాడని అప్పుడే తెలిసింది అతనికి, ఆమె అలాంటిదేమీ చేయలేదు, దగ్గరికి వచ్చి నిలబడి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది, మరి పోయిన సుక్రారం నా పొరక తాకిందని ఎట్ల చెప్పినవ్ సారూ, నువ్వు సూసినవా, దుమ్ము, లూజు కనెక్టర్లు, అంచనా, పొరపాటు, నాలుక చివర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, సూడలే, అన్నాడు, సూడకుంటనే చెప్పినవా, అంది, గోడకానించిన చీపురు తీసుకుని కాంటా వైపు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది, రేగిన ధూళి అతని మొహానికి తగిలింది, తుడుచుకోలేదు, చూసి చెప్పింది కాదు, పొరపడి చెప్పింది కూడా కాదు, సేటు నలుగురిలో తనను కిందపడేసినప్పుడు తనకన్నా కింద ఒక మనిషి కావలసి వచ్చింది, వెతికితే గోడవార వంగి ఉన్న ఆమె దొరికింది, దొరికినందుకు హాయిగా అనిపించింది, అంతే, అందులో పసుపు తప్పేమీ లేదు.